పైలోనిడల్ సైనస్‌కు చిన్న కోత చాలుతుందా, పెద్ద శస్త్రచికిత్సకే వెళ్ళాలా?

శరత్‌మేఘం:
సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 22. ఎనిమిది నెలల కిందట తోక ఎముకకు కాస్త పైన, పిరుదుల మధ్య గాడిలో నాకు సెగగడ్డ లేచింది. మూడు రోజులపాటు కూర్చోలేక, వెల్లకిలా పడుకోలేక అవస్థ పడిన తరువాత, డాక్టరుగారు కోసి చీము తీశారు. పోటు అదే రోజు తగ్గింది, పైన చర్మం కూడా మూసుకుంది. నయమైపోయిందనే అనుకున్నాను గానీ, అప్పటినుంచి పది పదిహేను రోజులకొకసారి లోదుస్తుల మీద గోధుమరంగు మరక కనబడుతోంది. కింద అద్దం పెట్టుకుని చూస్తే గాడికి సరిగ్గా మధ్యగీత మీద సూదిమొనంత రంధ్రాలు రెండున్నాయి. వాటికి ఎడమవైపు రెండు వేళ్ల దూరంలో, పాత కోత దగ్గర, రసి ఊరే చిన్న బుడిపె ఉంది.

మొదట చూపించుకున్న సర్జనుగారు ఇది పైలోనిడల్ సైనస్ (వెంట్రుకలు చేరి చర్మం కింద ఏర్పడే సొరంగం) అని చెప్పి, ఆ భాగాన్నంతా తీసివేసి, పక్కనున్న చర్మాన్ని జరిపి కప్పే ఫ్లాప్ శస్త్రచికిత్స చేయాలన్నారు. రెండోచోట అడిగితే, లేజరుతో అరగంటలో అయిపోతుందనీ, కోతే ఉండదనీ చెప్పారు. ఇద్దరి మాటల మధ్య ఇంత తేడా ఎందుకుందో నాకు బోధపడడం లేదు. నెల రోజుల్లో పరీక్షలున్నాయి. అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

శల్యతంత్రం:
నేను జనరల్ సర్జన్‌ను. మిమ్మల్ని పరీక్షించకుండా మీకు ఫలానా చికిత్సే చేయించుకోమని చెప్పడం తగదు. అయితే ఆ నిర్ణయం దేన్నిబట్టి తీసుకుంటామో చెప్పగలను. అది తెలిస్తే ఇద్దరు డాక్టర్ల మాటలనూ మీరే తూచుకోగలుగుతారు.

ఈ వ్యాధికి మూలం వెంట్రుక. పైలోనిడల్ అన్న పేరుకు అర్థం కూడా వెంట్రుకల గూడు అనే. 1880లో హాడ్జెస్ అనే వైద్యుడు లాటిన్ మాటలు కలిపి ఆ పేరు పెట్టారు. పుట్టుకతో వచ్చిన తిత్తి ఏదో లోపల ఉండిపోయిందనీ, దాన్ని ఎముక మీది పొరదాకా తవ్వి తీసివేస్తేనే వ్యాధి పోతుందనీ చాలాకాలం నమ్మారు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో దాదాపు 80,000 మంది ఈ జబ్బుతో ఆసుపత్రుల పాలయ్యారు. జీపుల్లో కుదుపులకు వస్తోందని భావించి దీన్ని ‘జీపు జబ్బు’ అని కూడా పిలిచారు. అప్పట్లో కోసిన పెద్ద గాయాలు మానక, సైనికులు వారాల తరబడి మంచాలకే పరిమితమయ్యారు. 1946లో పేటీ, స్కార్ఫ్ అనే ఇద్దరు ఇంగ్లండు వైద్యులు దీన్ని వేరే విధంగా చూశారు. వెంట్రుక బయటినుంచి చర్మంలోకి గుచ్చుకుపోతుందని వారు వాదించారు. క్షౌరవృత్తిలో ఉన్నవారికి వేళ్ల సందుల్లో, కత్తిరించిన వెంట్రుకలు దిగబడి సరిగ్గా ఇలాంటి సైనసే రావడం ఆ వాదనకు బలమిచ్చింది.

ఇక్కడ ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. గాడి మధ్యగీత మీద మీకు కనిపించిన ఆ రెండు సన్నని రంధ్రాలే అసలు ద్వారాలు. పక్కన రసి కారే బుడిపె, లోపలి చీము బయటికి రావడానికి చేసుకున్న దారి మాత్రమే. చర్మం కింద వెంట్రుకలు చేరిన బోలు చోటును గది అంటాం; దాని గోడలో ఉండేది వాచిన కణజాలమే, క్యాన్సరులా వేళ్లతో సహా పెకలించవలసిన పదార్థం కాదు. ద్వారాలను తీసివేసి, లోపలి వెంట్రుకలనూ మురికినీ శుభ్రం చేసి, రసి పోవడానికి దారి వదిలితే, గది దానంతటదే పూడుతుంది. చిన్న కోత చికిత్సలన్నిటికీ ఆధారం ఇదే. 1965లో లార్డ్, మిల్లర్ అనే వైద్యులు ఈ దారి తొక్కారు. 1980లో బాస్కమ్ అనే అమెరికన్ సర్జన్, మధ్యగీత మీది ఒక్కొక్క రంధ్రాన్నీ బియ్యపుగింజంత చర్మంతో తీసివేసి, పక్కగా పెట్టిన మరో కోతలోంచి గదిని శుభ్రంచేసే పద్ధతిని స్థిరపరిచారు. దీన్నే పిట్ పికింగ్ అంటారు. ఇజ్రాయెల్‌కు చెందిన గిప్స్ అనే సర్జన్ అదే పనిని, చర్మాన్ని గుండ్రంగా కోసి తీసే పంచ్ పరికరాలతో చేసి, 1,358 మంది రోగుల ఫలితాలను 2008లో ప్రచురించారు. ఆ చోటికి మాత్రమే మత్తు ఇచ్చి చేసే ఈ పనికి సాధారణంగా రాత్రి ఆసుపత్రిలో ఉండనవసరం లేదు.

పాత_గాయం:
నేను రాసేది భయపెట్టడానికి కాదు. పదేళ్ల కిందట నాకూ దాదాపు ఇలాంటి వ్యాధే ఉండేది, రంధ్రాలు మూడు. నన్ను చూసిన సర్జను వేరే మార్గాలున్నాయని ఒక్కమాట కూడా చెప్పకుండా, గుప్పెడంత కండను తీసి గాయాన్ని తెరిచే ఉంచారు. అడుగునుంచి పూడుతూ రావాలి కనుక కుట్లు వేయరట. ప్రతి ఉదయం నా భార్య గాజుగుడ్డ పట్టీని ఉప్పునీటిలో తడిపి, ఆ గుంతలో మడతలుగా నింపేది. మొదటివారం మూర పొడవు పట్టీ పట్టేది. పట్టీ పొడవు తగ్గుతోందా లేదా అన్నదే మా ఇంట్లో రోజూ మొదటి మాటగా ఉండేది. పూర్తిగా మానడానికి నూట పదిహేను రోజులు పట్టింది. ఏడాది తిరగకుండానే ఆ మచ్చ కింది కొసలో మళ్ళీ రంధ్రం పడింది.

గాయం పెద్దదైనంత మాత్రాన వ్యాధి సమూలంగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ మాట నాకు ఆనాడు చెప్పేవారుంటే బాగుండేది.

శరత్‌మేఘం:
ఇద్దరికీ ధన్యవాదాలు. డాక్టరుగారూ, పిట్ పికింగ్ గురించి ఇప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. మరి లేజరు సంగతేమిటి? వెంట్రుకలు తొలగించడానికి వాడే లేజరూ, వీళ్లు చెబుతున్న లేజరూ ఒకటేనా?

శల్యతంత్రం:
ఒకటి కాదు, ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లనే చాలామంది తికమకపడుతున్నారు.

మీకు చెప్పిన లేజరు చికిత్సలో సన్నని ఫైబరును రంధ్రంలోంచి లోపలి సొరంగంలోకి పంపుతారు. దాని కొస చుట్టూ వలయంగా శక్తి వెలువడుతుంది. ఎక్కువగా వాడేది 1,470 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం. ఫైబరును మెల్లగా వెనక్కి లాగుతుంటే సొరంగం గోడలు కాలి, ముడుచుకుపోతాయి. కోత లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. మధ్యగీత రంధ్రాలను వెడల్పు చేయడమో తీసివేయడమో చేయాలి, ఫైబరు పంపకముందే లోపలి వెంట్రుకలను బ్రష్షుతోనో చిన్న గరిటెలాంటి క్యూరెట్‌తోనో పూర్తిగా బయటికి తీయాలి. వెంట్రుకలు లోపలే ఉండగా గోడలు కాల్చినా ఫలితం నిలవదు. కనుక మీ లేజరు డాక్టరుగారిని అడగవలసిన మొదటి ప్రశ్న, ‘లోపలి వెంట్రుకలను ఎలా తీస్తారు, అన్నీ వచ్చాయని ఎలా తెలుసుకుంటారు?’ అన్నది.

ఆ ప్రశ్నకు చక్కటి జవాబిచ్చే పద్ధతి ఎండోస్కోపీ చికిత్స. దాన్ని ఎప్సిట్ అంటారు. ఇటలీకి చెందిన మెయినెరో అనే సర్జన్ తొలుత భగందరం (మలద్వారం పక్కన చర్మంలోకి పడే సొరంగం) కోసం తయారుచేసిన సన్నని గొట్టంలాంటి కెమెరానే ఇక్కడా వాడతారు. లోపలికి నీటిలాంటి ద్రవం పంపుతూ, తెరమీద సొరంగాన్ని చూస్తూ, పట్టకారుతో వెంట్రుకలను ఒక్కొక్కటిగా లాగి, గోడలను విద్యుత్తుతో కాలుస్తారు. పక్కకు చీలిపోయిన సొరంగాలు కంటికి కనబడడం దీనిలోని పెద్ద సౌకర్యం. అయితే దానికి పరికరమూ కావాలి, చేయి తిరిగిన సర్జనూ కావాలి.

ఫినాల్ చికిత్స వీటన్నిటికంటే పాతది, 1964 నుంచీ ఉంది. వెంట్రుకలు తీసిన తరువాత గదిలో గాఢమైన ఫినాల్ ద్రవాన్నో స్ఫటికాలనో ఉంచి, లోపలి పొరను మాడ్చివేస్తారు. చుట్టుపక్కల చర్మం కాలకుండా ముందే లేపనం దట్టంగా పూయాలి. ఒక్కసారితో మానకపోతే కొన్ని వారాల తరువాత మళ్ళీ చేస్తారు. గర్భిణులకు చేయకూడదు. చీముగడ్డ ఉన్నప్పుడు కూడా దీని జోలికి వెళ్ళరు.

నా అభిప్రాయం అడిగితే, పరికరం పేరు కంటే మూడు పనులు ముఖ్యం. ద్వారాలు పోవాలి, లోపలి వెంట్రుకలు బయటికి రావాలి, మధ్యగీత మీద పెద్ద గాయం మిగలకూడదు. ఈ మూడూ జరిగితే పంచ్‌తో చేసినా లేజరుతో చేసినా నాకు అభ్యంతరం లేదు.

మళ్లీమొదలు:
పిట్ పికింగ్ చేయించుకుని, వ్యాధి తిరగబెట్టినవాడిని నేను. నా మాట కూడా వినడం అవసరమనిపించి రాస్తున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం చేశారు. మత్తు సూది గుచ్చినప్పటి మంట తప్ప మరే బాధా తెలియలేదు. సోమవారం ఉద్యోగానికి వెళ్ళాను. మూడు వారాల్లో రంధ్రాలన్నీ మూసుకున్నాయి. రెండేళ్లు హాయిగా గడిచాయి. ఆ తరువాత, పాతచోటికి కొంచెం కిందుగా, మళ్ళీ అదే మరక కనిపించింది. డాక్టరుగారు పైన చెప్పిన 1,358 మంది అధ్యయనాన్నే నా సర్జను అప్పుడు నాకు చూపించారు. వ్యాధి తిరగబెట్టినవారు అందులో మొదటి ఏడాదికి నూటికి 6.5 మంది, పదేళ్లకు 16.2 మంది. అంటే కాలం గడిచేకొద్దీ లెక్క పెరుగుతుంది. ఆరు నెలలు మాత్రమే గమనించి, ‘మా పద్ధతిలో తిరగబెట్టడమే లేదు’ అని చెప్పేవారి మాటను అందుకే పూర్తిగా తీసుకోకూడదు. ఎంతకాలం గమనించిన ఫలితమో అడిగి తెలుసుకోండి.

రెండోసారి కూడా పిట్ పికింగే చేయించుకున్నాను. ‘ఒకసారి విఫలమైన దాన్నే మళ్ళీ ఎందుకు?’ అని ఇంట్లో అందరూ వారించారు. నా లెక్క వేరు. రెండుసార్లు కలిపినా నేను పనికి దూరమైంది వారం లోపే. చిన్న చికిత్సను మళ్ళీ చేయించుకోవచ్చు, అది విఫలమైనా పెద్దదానికి దారి మూసుకుపోదు. పెద్ద గాయం చేసిన తరువాత మాత్రం ఆ చర్మం మళ్ళీ మునుపటిలా రాదు.

ఇద్దరు_పిల్లల_తల్లి:
మా పెద్దబాబుకు పదిహేనేళ్లు. చెప్పుకోవడానికి సిగ్గుపడి రెండు నెలలు మా దగ్గర దాచాడు. ఒకరోజు బడినుంచి వచ్చి, కుర్చీలో ఒకవైపుకు ఒరిగి కూర్చోవడం చూసి నిలదీస్తే అప్పుడు చెప్పాడు. పిల్లలు ఈ చోటి గురించి నోరు విప్పరు, కాబట్టి తల్లిదండ్రులే గమనించాలి.

పిట్ పికింగ్ చేసిన డాక్టరుగారు, గాయం మానిన తరువాత ఆ ప్రాంతంలో లేజరుతో వెంట్రుకలు తీయించమన్నారు. ఇది శరత్‌మేఘం గారు అడిగిన రెండో లేజరు. సౌందర్యం కోసం చేసేది గదా అని నేను మొదట సంశయించాను. అప్పుడాయన ఒక పరిశోధన గురించి చెప్పారు. 11 నుంచి 21 ఏళ్ల లోపు 302 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మామూలు జాగ్రత్తలతోపాటు లేజరు కూడా చేశారట. ఏడాదిలో తిరగబెట్టినవారు లేజరు జట్టులో నూటికి 10.4 మంది, మామూలు జాగ్రత్తలు మాత్రమే తీసుకున్న జట్టులో 33.6 మంది. ఈ లెక్క విన్న తరువాత మేము ఒప్పుకున్నాం. కొన్ని వారాల ఎడంతో నాలుగైదుసార్లు వెళ్ళవలసి వచ్చింది. రబ్బరు బ్యాండు తగిలినట్టు చురుక్కుమంటుందని బాబు చెప్పాడు, అంతకుమించి ఇబ్బంది పడలేదు.

శల్యతంత్రం:
తల్లిగారు చెప్పిన అంకెలు సరైనవే. దానికి రెండు మాటలు కలుపుతాను. ఈ లేజరు నల్లటి వెంట్రుకల మీద బాగా పనిచేస్తుంది, నెరిసినవాటి మీద పనిచేయదు. ఇక ఇంట్లో రేజరుతో గీయడం గురించి చాలామంది అడుగుతుంటారు. ఏళ్ల తరబడి రేజరు వాడినవారిలో తిరగబెట్టడం తగ్గకపోగా ఎక్కువగా కనిపించిన అధ్యయనం ఉంది. కోసిన వెంట్రుక కొస సూదిలా పదునుగా మారుతుంది గనుక నాకది ఆశ్చర్యంగా అనిపించలేదు.

ఈ సందర్భంలో 2018లో వెలువడిన జర్మన్ పరిశోధన ఒకటి చెప్పాలి. సైనసుల్లోంచి తీసిన వెంట్రుకలను సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తే, వాటిలో చాలావరకు మొదళ్లు లేని, పదునైన కొసలున్న పొట్టి ముక్కలే. పైగా అవి ఆ చోట మొలిచినవి కావు, తలవెంట్రుకల తునకలు. జుట్టు కత్తిరించుకున్నాక మెడమీదుగా వీపు దిగి గాడిలో చేరతాయన్నమాట. కాబట్టి క్షవరం అయిన వెంటనే తలమీదుగా స్నానం చేసి, గాడిలో కూడా నీళ్లు బాగా పోసుకోమని నా రోగులకు తప్పకుండా చెబుతాను.

పాత_గాయం:
ఒక విషయంలో విభేదించక తప్పడం లేదు. చర్చ చదివినవారికి పెద్ద శస్త్రచికిత్సలన్నీ అనవసరమనే భావం కలుగుతుందేమో. నాకు తిరగబెట్టిన తరువాత వేరే సర్జను ఫ్లాప్ పద్ధతిలో, గాయాన్ని మధ్యగీత నుంచి పక్కకు జరిపి కుట్టారు. పన్నెండో రోజున కుట్లు తీశారు. తొమ్మిదేళ్లుగా అక్కడ రంధ్రం లేదు, రసి లేదు. నన్ను బాధపెట్టినదీ శస్త్రచికిత్సే, గట్టెక్కించినదీ శస్త్రచికిత్సే.

శల్యతంత్రం:
మీ అభ్యంతరం న్యాయమైనది, దాన్ని నేనే ముందుగా చెప్పి ఉండవలసింది.

గాడి అడుగున గాలి ఆడదు, చెమట ఆరదు, కదిలినప్పుడల్లా రెండువైపుల చర్మమూ లాగుతుంది. అందుకే సరిగ్గా మధ్యగీత మీద వేసిన కుట్లు విడిపోతాయి, గాయాలు మానవు. గ్రీకు సైన్యంలో వైద్యుడైన కరిడాకిస్ 1973లో ప్రచురించిన పద్ధతిలో కుట్టు పక్కకు జరుగుతుంది, గాడి లోతు తగ్గుతుంది. బాస్కమ్ కూడా తరువాతి కాలంలో క్లెఫ్ట్ లిఫ్ట్ పేరుతో ఇలాంటి శస్త్రచికిత్సనే చేశారు. మధ్యలో కుట్టడం కంటే పక్కకు కుట్టడమే మేలని తులనాత్మక అధ్యయనాలు పదేపదే తేల్చాయి. రంధ్రాలు ఎక్కువగా ఉండి సొరంగాలు రెండువైపులా పాకినవారికి, రెండు మూడుసార్లు తిరగబెట్టినవారికి, మధ్యగీత మీద మానని గాయం ఉన్నవారికి చిన్న కోత చాలకపోవచ్చు. అలాంటివారికి నేను ఫ్లాపే సూచిస్తాను. ఒకటి రెండు రంధ్రాలు, చిన్న గది, ఇంతకుముందు పెద్ద కోత లేకపోవడం, ఇవి ఉన్నవారికి చిన్న కోతతో మొదలుపెట్టడం సమంజసం.

మరికొన్ని హెచ్చరికలు. జ్వరం, ఎర్రదనం, పోటు ఉన్న చీముగడ్డకు ముందు చీము తీయాలి, యాంటీబయాటిక్ బిళ్లలతో మాత్రమే గడపకూడదు. అసలు చికిత్స వాపు తగ్గాక. రంధ్రం మలద్వారానికి దగ్గరగా ఉంటే భగందరం కాదని తేల్చుకోవాలి, దానికి ఎంఆర్ఐ అవసరం కావచ్చు. చంకల్లో, గజ్జల్లో కూడా ఇలాంటి గడ్డలు వస్తుంటే అది వేరే చర్మవ్యాధి అయ్యే అవకాశం ఉంది. దశాబ్దాలుగా రసి కారుతూ, అంచులు గట్టిపడిన పుండునుంచి ముక్క తీసి పరీక్షకు పంపాలి, ఎందుకంటే చాలా అరుదుగా అది క్యాన్సరుగా మారుతుంది. ఇక నొప్పీ రసీ లేని రంధ్రం ఎప్పుడో యాదృచ్ఛికంగా కనబడితే దానికి శస్త్రచికిత్స అవసరం లేదు.

కట్టు_సిస్టర్:
పద్దెనిమిదేళ్లుగా కట్లు మార్చే పనిలో ఉన్నాను. గాయం చిన్నదైనా దాన్ని చూసుకోవడంలోనే సగం ఫలితం ఉంటుంది. పిట్ పికింగ్ అయినవారు గాడిలో పెద్ద దళసరి కట్టు కుక్కుకోకూడదు. రెండు పిరుదులూ ఒకదానికొకటి ఆనుకోకుండా పలుచని గాజుగుడ్డ ముక్కను మడిచి పెట్టుకుంటే చాలు. అది తడిసిన వెంటనే మార్చాలి. రోజుకు రెండుసార్లు గోరువెచ్చటి ధార పట్టి కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి.

వారానికొకసారి ఎవరిచేతనైనా మంచి వెలుతురులో చూపించుకోండి. గాయం అంచున ఒక్క వెంట్రుక పడి ఉన్నా, తడికి అంటుకుని లోపలికి దారి చేసుకుంటుంది. అలాంటివి పట్టకారుతో నేను ఎన్ని తీశానో లెక్కలేదు. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి సన్నని పలకలుంటాయి. ఒకసారి గుచ్చుకుంటే ముందుకే వెళుతుంది తప్ప వెనక్కి రాదు.

శరత్‌మేఘం:
ఆరు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. మీరందరూ చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని మూడో సర్జనుగారి దగ్గరికి వెళ్ళాను. వెంట్రుకలు ఎలా తీస్తారు, ఎంతకాలం గమనిస్తారు, విఫలమైతే తరువాత ఏమిటి అని మూడు ప్రశ్నలు అడిగాను. ఆయన విసుక్కోకుండా బొమ్మ గీసి మరీ చెప్పారు. రెండు రంధ్రాలనూ పంచ్‌తో తీసి, ఎడమవైపు బుడిపె దగ్గరున్న దారిని వెడల్పు చేసి లోపల శుభ్రం చేశారు. పని అయ్యాక బయటికి వచ్చినదాన్ని గాజుగుడ్డ మీద పెట్టి నాకు చూపించారు. చిటికెనవేలి గోరంత కుచ్చు, అన్నీ పొట్టి వెంట్రుకలే. నా జుట్టు పొడవైనది, అవి నావేనా అని ఆశ్చర్యపోయాను. తరువాత గుర్తొచ్చింది, రెండేళ్ల కిందటి వరకు నేను నెలకొకసారి పొట్టిగా కత్తిరించుకునేవాడిని.

నాలుగో రోజునుంచి మామూలుగా కూర్చోగలిగాను, పరీక్షలన్నీ రాశాను. మధ్యగీత రంధ్రాలు రెండూ మూసుకున్నాయి. పక్కనున్న పెద్ద రంధ్రం మాత్రం ఇంకా పూర్తిగా మూసుకోలేదు, రోజుకు ఒక చుక్క పసుపుపచ్చటి నీరు వస్తోంది. నొప్పి గానీ వాసన గానీ లేవు. ఇది ఆందోళన పడవలసిన విషయమా?

కట్టు_సిస్టర్:
నొప్పీ వాసనా జ్వరమూ లేకుండా, రోజురోజుకూ తగ్గుతూ వచ్చే పలుచని పసుపు నీరు మానుతున్న గాయం రసి. పక్క రంధ్రం ఆఖరున మూసుకోవడమే మంచిది, అది ముందుగా మూసుకుంటే లోపల నీరు నిలుస్తుంది. అయితే అది చిక్కబడినా, పరిమాణం పెరిగినా, రంధ్రంలోంచి ఎర్రటి మెత్తటి కండ ముద్దగా పైకి పొంగినా సర్జనుగారికి చూపించండి. అలా పొంగిన కండను సాధారణంగా అక్కడికక్కడే మందు అద్ది అణచివేస్తారు.

శల్యతంత్రం:
సిస్టర్‌గారు చెప్పినదే నా మాట కూడా. మరో రెండు మూడు వారాలు చూడండి. అప్పటికీ చుక్క ఆగకపోతే లోపల వెంట్రుక మిగిలిందేమో మీ సర్జనుగారు సన్నని ప్రోబ్‌తో పరీక్షిస్తారు. చర్మం పూర్తిగా మూసుకున్నాక వెంట్రుకల లేజరుకు తేదీ తీసుకోండి. ఏడాది నిండేనాటికి ఎలా ఉందో ఇదే చర్చలో తప్పక రాయండి.